మొదటి పిడికెడు

ఈ ఏడు పెరటాసి నెల దగ్గర పడుతుంటే నాకు ఇంట్లో కాలు నిలవదు. కాలు కాలిన పిల్లిలా వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతుంటాను. మా ఆయన పేపరు దించి, కాసేపు కూర్చోరాదా అంటాడు. కూర్చుంటాను. రెండు నిమిషాలు కాకముందే వీధి అవతల గేటు కిర్రుమంటే లేచి కిటికీ దగ్గరికి పోతాను. ఆ గేటు బూబమ్మ వాళ్లది. పోయిన పెరటాసిలో నేను చేసిన పని చెప్పకపోతే ఈ తిరుగుడు ఎందుకో ఎవరికీ అర్థం కాదు. చెబితే నాకే సిగ్గు. అయినా చెబుతాను.

మా చిత్తూరు వైపు, అరవవాళ్ల లెక్కన సెప్టెంబరు నడుమ వచ్చే పెరటాసి నెలలో శనివారాలంటే వెంకటేశ్వరస్వామికి తళిగ వేసే రోజులు. ఆ నెలలో ఏదో ఒక శనివారం ఇల్లంతా కడిగి, అరిటాకు పరిచి, వండినవన్నీ స్వామి ముందు పోసి, పిండి దీపం వెలిగించి గోవిందా అంటాం. దానికి ముందు ఇంకో పని ఉంది. ఎంత ఉన్నవాళ్లయినా సరే, నొసట నామం పెట్టుకుని, చెంబు పట్టుకుని, నాలుగిళ్లు తిరిగి బియ్యం అడుక్కురావాలి. తళిగలో పొంగలి ఆ బియ్యంతోనే వండాలి. ఇంతవరకూ చాలా ఇళ్లలో ఉన్నదే. మా అత్తవారింట్లో దీనికి ఒక మెలిక ఉంది. మొదటి పిడికెడు స్వామికి మొక్కని ఇంటి నుంచి రావాలి. అంటే మా వీధిలో బూబమ్మ ఇంటి నుంచి. ఆ పిడికెడు పడకపోతే మా ఇంట్లో ఆ ఏడు తళిగ లేదు, శుక్రవారం రాత్రి నుంచి పస్తున్న మా అత్త నోట్లోకి మెతుకు లేదు.

బూబమ్మ అన్నది పేరు కాదు. సాయిబుల ఇళ్లలో పెద్దావిడను మా వైపు అట్లాగే పిలుస్తాం. ఆమె భర్త ఉన్నన్నాళ్లూ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. మా వీధిలో ఆయన చేయి పడని గిన్నె లేదు. స్టీలు వచ్చి ఆ పని పోయాక కొడుకు వెల్డింగ్ నేర్చుకుని, ఇంటి ముందు రేకుల షెడ్డులో గేట్లూ గ్రిల్సూ చేస్తున్నాడు. మా అత్తకు ఎనభై దాటాయి. బూబమ్మ ఆమెకన్నా రెండు మూడేళ్లు చిన్నదై ఉంటుంది. వాళ్లిద్దరూ ఏ గుళ్లోనూ ఏ పెళ్లిలోనూ పక్కపక్కన కూర్చున్నది నేను చూడలేదు. ఎదురెదురు అరుగుల మీద కూర్చుని వీధికి అడ్డంగా అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్లు, మధ్యలో ఆటోలు పోతున్నా సరే.

నేను బంగారుపాళ్యం పిల్లను. మా నాయన కూడా తళిగ వేసేవాడు గానీ చెంబు పట్టుకుని తిరగడం మగవాళ్ల పని, అదీ మా వాళ్ల ఇళ్లకే. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన తొలి పెరటాసిలో మా అత్త నా నొసట నామం దిద్ది, చెంబు చేతిలో పెట్టింది. ఈ ఇంట్లో చెంబు ఆడవాళ్లదంట. ముందు ఎదురింట్లో అడగమంది. వాళ్లు సాయిబులు కదా అన్నాను. పరీక్ష పెడుతోందేమో అనుకున్నాను, కొత్త కోడళ్లకు అన్నీ పరీక్షల్లాగే కనిపిస్తాయి.

“సాయిబులు గాబట్టే అడగమంటా ఉండేది. మొక్కేవోళ్లు పెడితే అదేం గొప్ప మే? మొక్కనోళ్లు పెడితే గదా బిచ్చం” అంది.

వీధి దాటాను. బూబమ్మ అప్పటికే తలారా స్నానం చేసి, తల మీద కొంగు కప్పుకుని, చాటలో బియ్యం పోసుకుని గడప దగ్గర నిలబడి ఉంది. గోవిందా అన్నది నాకే వినపడలేదు.

“గెట్టిగా అను కోడలా. మీ సామి కొండ మీద ఉండాడు, ఈడ గాదు” అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఈసారి గట్టిగానే అన్నాను. ఆమె పెదాలు కదిలీ కదలకుండా బిస్మిల్లా అనుకుని నా చెంబులో మూడు పిడికిళ్లు పోసింది. అట్లా ముప్పై ఏళ్లు. ఆమె మాట ఆమెది, నా మాట నాది. ఇంటికి తిరిగొచ్చాక ఇద్దరిలో ఎవరి ఒంటికీ ఏమీ అంటుకున్నట్టు నాకు తోచలేదు.

అక్కడి నుంచి మిగతా ఇళ్లు. మొదలియార్ల ఇంట్లో ఉప్పుడు బియ్యం పోస్తారు. కోమట్ల ఇంట్లో సన్నబియ్యం. మూలనున్న మేస్త్రీ ఇంట్లో స్టోరు బియ్యం. ఇవన్నీ ఒకే గిన్నెలో పడితే పొంగలి ఎట్లా ఉడుకుతుందో వంట తెలిసిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక మెతుకు ముద్దయిపోతుంది, దాని పక్క మెతుకు పంటికింద పలుకులా తగులుతుంది. నాకేమో అన్నీ ఒకే తీరుగా రావాలనే పిచ్చి. నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. సీజన్లో డ్రమ్ము డ్రమ్ముకూ తీపి కొలిచి, పులుపు కొలిచి, రంగు చూసి, అన్నీ ఒకే లెక్కకు వచ్చేదాకా వదలను. మొదటి రెండేళ్లూ ఆ పొంగలి చూసి సిగ్గుతో చచ్చాను. బియ్యం వేరువేరుగా నానబెడతానంటే మా అత్త ఒప్పుకోలేదు. పదో ఏడు వచ్చేసరికి ఆ పలుకులు తగలకపోతేనే నాకు పొంగలి తిన్నట్టు ఉండేది కాదు.

మా వీధి సంగతి కొంచెం చెప్పాలి. మొదలియార్లు ఆడికృత్తికకు సుబ్రహ్మణ్యస్వామి కావడి ఎత్తుకుని తిరుత్తణి పోతారు. మేస్త్రీ ఇంట్లో గంగమ్మకు కోడి కోసి, అంబలి కాచి వీధంతా పోస్తారు. చివరింటి జంగమాయన మెడలో లింగం ఉంటుంది. వాళ్లు చనిపోతే కూర్చోబెట్టి పూడుస్తారు, కాల్చరు. మా ఇంట్లో శనివారం ఉల్లిపాయ కూడా కోయం. ఒకరి దేవుడి గురించి ఇంకొకరు వెనక మాట్లాడుకోని రోజు లేదు. కోడి కోసిన రోజు మా అత్త ముక్కు మూసుకుని, ‘మీ అమ్మ నోరు పెద్దదిలే’ అనేది. మేస్త్రీ భార్య ఊరుకుంటుందా, ‘మీ సామిది పప్పుకూడు గాబట్టే అప్పు తీరలా’ అనేది. మర్నాడు అంబలి ఇచ్చేది, మా అత్త తాగేది. ఎవరూ ఎవరినీ మారమన్నది లేదు.

మేమంతా సారు అని పిలిచే ఆయన మా వీధికి వచ్చింది మూడేళ్ల కింద. తిరుపతిలో బ్యాంకు మేనేజరుగా రిటైరై, ఇక్కడ సొంత స్థలంలో ఇల్లు కట్టుకున్నాడు. మంచి మనిషి. ఆ మాట ఇప్పటికీ అంటాను. మున్సిపాలిటీ వాళ్ల చుట్టూ తిరిగి కాలువ తీయించాడు. లైట్లు వేయించాడు. మొదలియార్ల ఇంట్లో పెద్దాయనకు గుండె నొప్పి వస్తే తన కారులో వేలూరు తీసుకుపోయాడు. ఆ తర్వాత శనివారాల భజన మొదలుపెట్టాడు, దానికొక వాట్సాప్ గ్రూపు. పోయినేటికి ముందేడు సామూహిక తళిగ అన్నాడు. ఎవరిళ్లలో వాళ్లు ఎందుకు, కల్యాణ మండపంలో అందరం ఒకేచోట, ఒకే వేళ, ఒకే వంట. ఆడవాళ్లందరికీ పసుపు చీర. పురోహితుడు మైకులో చెబుతుంటే అందరం ఒక్కసారిగా హారతి.

ఆడవాళ్ల వైపు బాధ్యత నాకిచ్చారు. నిజం చెప్పాలంటే పొంగిపోయాను. ముప్పై ఏళ్లు కోడలిగా, ల్యాబులో తెల్లకోటుగా ఉన్నదాన్ని, మైకు చేతికిస్తే ఒళ్లు తెలియలేదు. నూట ఎనిమిది గోవింద నామాలూ చూడకుండా చెప్పాను. వంద మంది నా వెనక గోవిందా అంటుంటే వెన్నులో జలదరించింది. అన్నం చూస్తే ఒక్క మెతుకు కూడా ఎగుడుదిగుడు లేదు, మూట బియ్యం మరి. ఆ ఏడు పొద్దున ఇంట్లో మా తళిగ మేం వేసుకుని, మధ్యాహ్నం మండపానికి పోయాను. రెండూ జరిగిపోయాయి కాబట్టి నాకేమీ తేడా అనిపించలేదు.

తేడా మెల్లగా వచ్చింది. గంగమ్మ నాడు కోడి వీధిలో వద్దు, ఊరి బయట చూసుకోమని మేస్త్రీకి చెప్పారు. సారు గట్టిగా కూడా చెప్పలేదు, చేతులు పట్టుకుని బతిమాలినట్టు చెప్పాడు. మేస్త్రీ తల ఊపాడు. ఆ ఏడు అంబలి కూడా రాలేదు. జంగమాయనను భజనలో మెడలో లింగం లోపలికి వేసుకోమన్నారని విన్నాను, ఆయన భజనకు రావడమే మానేశాడు. నేను ఇవన్నీ చూశాను. చూసి, పోనీలే, అందరం ఒకటిగా ఉండాలంటే ఆ మాత్రం సర్దుకోవాలి కదా అనుకున్నాను. నా మీదికి రానంతవరకూ నాకు భలే ధర్మబుద్ధి.

పోయిన పెరటాసిలో తళిగకు వారం ముందు సారు మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగాడు. మీరు చదువుకున్నవారు, ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆడవాళ్లకు నాయకత్వం వహిస్తున్నారు, చెంబు పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడుక్కోవడం చూసేవాళ్లకు ఏం బాగుంటుంది అన్నాడు. బూబమ్మ ఇంటి మాట ఆయన ఎత్తలేదు. ఎత్తితే కోపం వచ్చేదేమో, బతికిపోయేదాన్ని. మొదటి పిడికెడు బయటి ఇంటి నుంచే రావాలని ఏ గ్రంథంలో ఉందమ్మా అని మాత్రం అడిగాడు, తెలుసుకుందామన్నట్టుగా. స్వామి పెళ్లాడిన సాయిబుల పిల్ల బీబీ నాంచారమ్మ కథ చెప్పాను. అది కథ కదమ్మా అని నవ్వాడు. ఇంక నా దగ్గర ఏమీ లేదు. ఖాళీ కాఫీ గ్లాసు అందుకుని లేచాను.

లోపలి గదిలోంచి మా అత్త విననే విన్నది. ఆయన పోయాక బయటికి వచ్చింది.

“తిరపతిలో ఆ సామి చెల్లెలు గంగమ్మకి జాతరలో బూతులు తిడతారు గదా మే. మొగోళ్లు చీరలు కట్టుకుంటారు. అది యా పుస్తకంలో ఉండాదో అడగలేకపోయినావా?”

అడగలేకపోయాను. అంతేకాదు, మర్నాడు గ్రూపులో ఒక మాట రికార్డు చేసి పెట్టాను. ఈసారి మన వీధి నుంచి ఎవరూ బిచ్చానికి తిరగవద్దు, ఎవరింటి బియ్యం వాళ్లే మండపానికి తెచ్చుకుందాం, చూసేవాళ్లకు గౌరవంగా ఉంటుంది అని. నా గొంతే. నాకు నేనే రెండుసార్లు విని, బాగా వచ్చిందనుకున్నాను.

శనివారం పొద్దున ఆరున్నరకు మా అత్త నామం దిద్ది చెంబు ఇచ్చింది. మోకాళ్లు పట్టేసి ఆమె అరుగు దిగి చాలా కాలమైంది. అప్పటికే వీధి మొదట్లో పసుపు చీరలు కనిపిస్తున్నాయి, ఊరేగింపుకు పోగవుతున్నారు, మధ్యలో సారు. వాళ్ల ముందు నుంచి నడిచి నేను బూబమ్మ గేటు దగ్గర గోవిందా అనాలి. గ్రూపులో ఎవరూ అడగొద్దని చెప్పిన నోటితోనే.

నేను సామాన్ల గదిలోకి పోయాను. మా బియ్యం డబ్బా మూత తీసి చెంబు నింపాను. పెరటి తలుపు తీసుకుని, వెనక సందులోంచి ఆంజనేయస్వామి గుడి దాకా పోయి, కాసేపు అక్కడ నిలబడి, వీధి రెండో చివర నుంచి తిరిగొచ్చాను. ఎక్కడెక్కడో తిరిగొచ్చినట్టు మా అత్తకు కనిపించాలి కదా. ఆ వయసులో అంత తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో!

ఇంటి దగ్గరికి వచ్చేసరికి బూబమ్మ గడపలో నిలబడి ఉంది. తల మీద కొంగు, చేతిలో చాట. మా గేటు వైపే చూస్తోంది. నేను ఇటు నుంచి వస్తానని అనుకోలేదేమో, నన్ను చూసి ముఖం విప్పారింది. నా నొసట నామం చూసింది. చెంబు చూసింది, నిండుగా ఉన్న చెంబు. అయినా చాట కొంచెం పైకెత్తింది. నేను తల వంచుకుని మా గేటు తీసుకుని లోపలికి వచ్చేశాను.

లోపల మా అత్త చెంబు అందుకుని, బూబమ్మ ఎట్లుందని అడిగింది. బాగుందన్నాను. పోయిన నెల కళ్లు తిరుగుతున్నాయని చెప్పింది, తగ్గిందా అని అడిగింది. తగ్గిందంట అన్నాను. ఒక అబద్ధానికి రెండో అబద్ధం తోడు కావాలంటారు, నాకు మూడు నాలుగు కూడా సులభంగానే వచ్చాయి.

వంటయింది. ఆకు పరిచాం, దీపం వెలిగించాం, మా ఆయన గోవిందా అన్నాడు, మేమూ అన్నాం. మా అత్త పీట మీద కూర్చుని పొంగలి కొంచెం వేళ్ల మధ్య తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. బొటనవేలితో నలిపింది. ఇంకొంచెం తీసి నలిపింది. నేను నీళ్ల గ్లాసు తేవాలని లేచాను.

“కూర్చో. ఇది ఒక ఇంటి బియ్యం.”

కూర్చున్నాను.

“అడగలేదా మే?”

“అడగలేదత్తా.”

ఆమె నన్ను తిట్టలేదు. చేతిలో ఉన్నది ఆకు మీదే పెట్టేసి, గోడ పట్టుకుని లేచి, చేయి కడుక్కుని, పోయి పడుకుంది. ఆ రోజంతా మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. నేను పసుపు చీర కట్టుకుని మండపానికి పోయాను. మైకు పట్టుకుని నామాలన్నీ చెప్పాను. ఒక్కటి కూడా తప్పలేదు. చాలా బాగా నిర్వహించారమ్మా అని సారు అందరి ముందూ అన్నాడు. నేను భోజనాల దగ్గర కూర్చోకుండా ఇంటికి వచ్చేశాను.

మర్నాటి పొద్దున మా అత్త మామూలుగా కాఫీ తాగింది. చట్నీలో ఉప్పు ఎక్కువైందంది. శనివారం మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అని తేలికపడేదాన్ని. ఆ వారం నేను పడ్డ అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. ఎదురింట్లో వెల్డింగ్ చప్పుడు ఆగినా ఉలిక్కిపడేదాన్ని, మొదలైనా ఉలిక్కిపడేదాన్ని. చెత్త పారేయడానికి కూడా ఆ గేటు మూసి ఉన్నప్పుడే బయటికి వెళ్లేదాన్ని. బూబమ్మ అరుగు మీదికి రాలేదు. మా అత్త మాత్రం సాయంత్రం సాయంత్రం తన అరుగు మీద కూర్చుని ఎదురుగా చూసి, చీకటి పడ్డాక లోపలికి వచ్చేది. మా ఆయనకు చెబితే, ఇంత చిన్నదాన్ని అంత పెద్దది చేస్తావెందుకు, ఒక స్వీటు ప్యాకెట్టు తీసుకుని పోయి పలకరించి రా అన్నాడు. స్వీటు ప్యాకెట్టు! నాకు ఒళ్లు మండింది.

పెరటాసిలో ఇంకొక్క శనివారమే మిగిలింది. శుక్రవారం రాత్రి మా అత్త పక్కన కూర్చుని, రేపు పోయి అడుగుతాను, సరిగ్గా తళిగ వేద్దాం అన్నాను. నిజం చెప్పి అడగమంది. ఆ రాత్రి ఆమె మళ్లీ పస్తు మొదలుపెట్టింది.

ఈసారి ముందు తలుపు తీసుకునే వెళ్లాను. చివరి శనివారం కాబట్టి ఊరేగింపు వాళ్లందరూ వీధిలోనే ఉన్నారు. సారు నన్ను చూసి దగ్గరికి వచ్చి, మీరే వద్దని చెప్పారు కదమ్మా, మళ్లీ మీరే ఇలా చేస్తే మిగతావాళ్లకు ఏం చెప్పేది అన్నాడు. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు.

“సార్, మీరు అడిగినదానికి ఆ రోజు నాకు జవాబు తెలీలేదు. ఇప్పుడూ తెలీదు. ఏ పుస్తకంలోనూ లేదు సార్. మా ఇంట్లో ఉంది.”

ఇంకా చాలా అనాలని నోటిదాకా వచ్చింది. కాలువ తీయించినంత మాత్రాన నా దేవుడిని కూడా బాగుచేయనక్కర్లేదని అందామనుకున్నాను. అనలేదు, మంచిదైంది. మీ ఇష్టమమ్మా అని ఆయన పక్కకు జరిగాడు. పసుపు చీరలన్నీ నన్నే చూస్తున్నాయి. నేను వీధి దాటి బూబమ్మ గేటు ముందు నిలబడి గోవిందా అన్నాను, వీధి మొత్తానికి వినపడేలా.

గడపలో ఎవరూ లేరు. షెడ్డులోంచి బూబమ్మ కొడుకు వచ్చాడు. నేను పెళ్లై వచ్చిన కొత్తలో నిక్కరు వేసుకుని తిరిగినవాడు, ఇప్పుడు గడ్డంలో తెల్ల వెంట్రుకలు. గేటు తీయలేదు. గుడ్డతో చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

“వద్దులే అక్కా” అన్నాడు చివరికి. “మావోళ్లు గూడా అడగతాండారు, వాళ్ల దేవుడికి మీరు బియ్యం ఎందుకు పోసేదని. అడిగినోళ్లకు పెట్టేది మాయమ్మ అలవాటు, అది మీరు ఆపొద్దని పోయిన నెలనే వాళ్లతో కొట్లాడి వచ్చినాను. ఆమె పోయిన శనివారం పొద్దు పైకొచ్చేదాకా చాట పట్టుకోని నిలబడే ఉండాది. కూర్చోమ్మా అంటే కూర్చోలా. ఇంగ ఆమెను నిలబెట్టలేనక్కా.”

నేను సారు ప్రశ్నకే జవాబు చెప్పలేక దొడ్డిదారిన పోయానే, ఇతను తన వాళ్ల ముందు నిలబడి నా చెంబు కోసం కొట్లాడి వచ్చాడు. అది నాకు తెలియను కూడా తెలియదు. అంత సిగ్గు నా జన్మలో ఎరగను.

అప్పుడు బూబమ్మ బయటికి వచ్చింది. చేతుల్లో ఏమీ లేదు. ఒక వారంలో మనిషి తగ్గిపోయినట్టు అనిపించింది. కొడుకును పక్కకు జరగమని తనే గేటు తీసింది.

“నా వల్ల ఏమన్నా మైల అయ్యిందా కోడలా? ఆ పొద్దు నీళ్లు పోసుకోనే నిలబడినాను” అంది.

వీధిలో అందరూ ఉన్నారు, అయినా నాకు ఏడుపు ఆగలేదు. మొత్తం చెప్పాను. గ్రూపులో పెట్టిన మాట, సామాన్ల గది, వెనక సందు, ఆమె బాగుందని మా అత్తకు చెప్పిన అబద్ధం. మా అత్త పొంగలి నలిపి తినకుండా లేచిపోయిందని కూడా చెప్పాను. నీ తప్పేమీ లేదు బూబమ్మా, నాకు వీళ్లంతా ఏమనుకుంటారోనని భయమేసింది, అంతే, అన్నాను. ఆమె అంతా విన్నది. మధ్యలో మా అత్త తినలేదన్నచోట మాత్రం ఒక్కసారి కళ్లెత్తి మా ఇంటి వైపు చూసింది. తర్వాత నా భుజం మీద చేయి వేసింది. నేను చెంబు ముందుకు పట్టుకున్నాను. ఇంక పోస్తుందనే అనుకున్నాను.

“ఈ ఏడు నా చెయ్యి రాదు పాపా. నిన్ను తిట్టేది లేదు. బియ్యం ఉండాయి, చెయ్యి రాలా. మీ అత్తకి చెప్పు” అంది. కోపంగా అనలేదు. కొడుకు భుజం పట్టుకుని లోపలికి పోయింది.

మొదటి పిడికెడు పడకుండా వేరే ఇంటికి పోకూడదు. పసుపు చీరల మధ్యలోంచి, ఎవరి ముఖమూ చూడకుండా, వట్టి చెంబుతో మా ఇంటికి తిరిగొచ్చాను. ముప్పై ఏళ్లూ ఆ గడప ముందు నిలబడ్డానే, పోస్తుందో పోయదో అని ఒక్కసారైనా అనుకున్నానా? నాది అనుకుని తెచ్చుకున్నాను. అడగడమంటే ఏమిటో ఆ పొద్దే తెలిసింది.

మా అత్త పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. గిన్నె కడిగి బోర్లించి పెట్టుకుంది. నా చేతుల వైపు చూసింది.

“నిజం చెప్పినావా?”

“చెప్పినానత్తా.”

“పెట్టలేదా?”

“చెయ్యి రాలేదంట. నీకు చెప్పమంది.”

బయట ఊరేగింపు కదిలింది, తాళాల చప్పుడు మా ఇంటి ముందు నుంచి మెల్లగా దూరమైంది. నేను మండపం నుంచి ప్రసాదం తెప్పించనా, నువ్వు రాత్రి నుంచి ఏమీ తినలేదు అన్నాను. ఆమె వద్దని చేయి ఊపింది.

“ఈ ఏడు సామి పస్తుంటాడులే మే. మనం పెట్టించిన పస్తే గదా. రా, ఆయనతో పాటు మనమూ కూర్చుందాం.”

ఆమె పీట కొంచెం పక్కకు జరిపింది. నేను నేల మీద ఆమె పక్కనే కూర్చున్నాను. సాయంత్రం దాకా ఇద్దరం అక్కడి నుంచి లేవలేదు.